అలంకరించిన కేకును ఫ్రిజ్‌లో పెట్టాలా, బయట ఉంచాలా?

పేరు ప్రచురించవద్దని కోరుతూ విజయవాడ నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె కొన్నేళ్లుగా ఇంట్లో కేకులు చేస్తున్నారు. వ్యాపారంగా కాదు, బంధువులకూ తెలిసినవారికీ మాత్రమే. ఏలూరులో ఉంటున్న వదినగారి, అంటే భర్త అక్కగారి పాపకు మే నెల మధ్యలో మొదటి పుట్టినరోజు. ఫంక్షన్ హాలులో సాయంత్రం ఏడు గంటలకు కేకు కోయిస్తారు, వందమంది వస్తారు. లోపల విప్పింగ్ క్రీమ్, తాజా మామిడి ముక్కలు, పైన తెలుపు, గులాబీ రంగుల ఫాండెంట్ (చపాతీలా వత్తి కేకు మీద పరిచే పంచదార ముద్ద), దాని మీద ఏనుగు, జిరాఫీ, సింహం బొమ్మలతో రెండు అంతస్తుల కేకు కావాలని వదినగారు కోరారు. టేబుల్ అలంకరించేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు అడుగుతున్నారు కాబట్టి మధ్యాహ్నానికల్లా కేకు హాలులో ఉండాలని కూడా అన్నారు.

ఆమె భయానికి కారణం ఉంది. కిందటి ఆగస్టులో సొంత కొడుకు పుట్టినరోజుకు ఫాండెంట్ కేకు చేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచారు. బయటికి తీసిన కాసేపటికే కేకు ఒళ్లంతా నీటి బొట్లు పట్టి, ఎరుపు రంగు తెలుపులోకి కారి, పైన నిలబెట్టిన బొమ్మ మెత్తబడి పక్కకు ఒరిగిపోయింది. ఆ సంగతి బంధువులు ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటారట. ఇంట్లో ఉన్నది ఒకే ఫ్రిజ్, ఏసీ ఉన్నది ఒక్క పడకగదిలో, హాలులో ఉన్నది నీళ్ల కూలర్, వేసవి కాబట్టి కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. "ఇంట్లో చేసే మనిషి ఉండగా బయట కొనడమేమిటి" అని అత్తగారు ఒకపక్క అంటూనే, ఫ్రిజ్‌లోని దోసెల పిండి, పెరుగు, చేపలు తీయడానికి వీల్లేదని ఇంకోపక్క అంటున్నారు. ఈ తలనొప్పి ఎందుకు, ఏలూరులోనే బేకరీలో చెప్పేద్దామని భర్త అంటున్నారు. కేకును ఫ్రిజ్‌లో పెట్టాలా, బయట ఉంచాలా, బయట ఉంచితే చెడిపోదా, ఏలూరు దాకా ఎలా తీసుకువెళ్లాలి, అసలు ఈ పని ఒప్పుకోవాలా వద్దా అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరాన్ని శ్రద్ధగా చదివాను. మీరు అడిగిన ప్రశ్నలన్నిటికీ ముందు తేలవలసినది ఒకటి ఉంది. కోసే ముందు చివరి ఇరవై నాలుగు గంటలు ఆ కేకు ఎక్కడ ఉంటుంది? సాధారణంగా మనం ముందు డిజైన్ ఒప్పుకుంటాం, కేకు చేస్తాం, ఆ తరువాత ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా వెతుకుతాం. మే నెలలో విజయవాడలో ఈ వరుస పనికిరాదు. చోటు ముందు ఖాయం చేసుకుని, ఆ చోటులో నిలబడగలిగినదేదో అదే చేయాలి.

కిందటి ఆగస్టులో జరిగినది మీ చేతిపనిలోని లోపం కాదని ముందుగా చెప్పాలి. చల్లటి నీళ్ల సీసాను ఫ్రిజ్ లోంచి తీసి బల్ల మీద పెడితే దాని చుట్టూ చెమట పట్టినట్టే, చల్లబడిన కేకు మీద కూడా గాలిలోని తేమ నీరై పేరుకుంటుంది. సీసానైతే తుడిచేస్తాం. ఫాండెంట్ దాదాపు మొత్తం పంచదారే కాబట్టి ఆ నీటిని పీల్చుకుని జిగురుగా మారుతుంది, ముదురు రంగులు కరిగి పక్కనున్న లేత రంగులోకి పాకుతాయి, బొమ్మల కాళ్లు మెత్తబడతాయి. ఆగస్టులో మన గాలి నిండా తేమ ఉంటుంది కాబట్టి అది అంత త్వరగా, అంత ఎక్కువగా జరిగింది. అలంకరించిన కేకును ఎక్కువగా పాడుచేసేది ఒక చోటి నుంచి ఇంకో చోటికి, చలి నుంచి ఉక్కలోకి, ఉక్క నుంచి మళ్లీ చలిలోకి మార్చడం. ఒకే చోట నిలకడగా ఉంచిన కేకు చాలావరకు నిలబడుతుంది.

ఇప్పుడు వదినగారు కోరిన కేకును చూడండి. లోపలి విప్పింగ్ క్రీమ్, తాజా మామిడి ముక్కలు ఫ్రిజ్‌లో ఉండాలి, బయట ఉంచితే క్రీము జారడమే కాదు, పాడైపోతుంది కూడా. పైనున్న ఫాండెంట్‌కు, బొమ్మలకు ఫ్రిజ్ పడదు, పొడి గాలి ఉన్న చల్లటి గది కావాలి. పైగా క్రీము మీద నేరుగా ఫాండెంట్ పరిస్తే క్రీములోని తడికే అది లోపలి నుంచి కరగడం మొదలుపెడుతుంది. అంటే ఒకే కేకును ఒకే సమయంలో రెండు చోట్ల ఉంచమని అడుగుతున్నారన్నమాట. ఎంత అనుభవం ఉన్నవారికైనా మే నెలలో ఇది సాధ్యమయ్యే పని కాదు. ఈ మాటను వదినగారికి మొహమాటం లేకుండా చెప్పడం మీ మొదటి పని. ఆమె కోరికలో ఏదో ఒక సగం వదులుకోక తప్పదు, ఏ సగమన్నది ఆమెనే తేల్చుకోనివ్వండి.

బొమ్మలు, ఫాండెంటే ముఖ్యమని ఆమె అంటే, ఫ్రిజ్ అవసరం లేని కేకు చేయండి. లోపల విప్పింగ్ క్రీమ్, పళ్లు మానేసి గనాష్, అంటే చాక్లెట్‌ను వేడి క్రీముతో కరిగించి చేసే ముద్ద, వాడాలి. మామూలు రోజుల్లో రెండు పాళ్ల డార్క్ చాక్లెట్‌కు ఒక పాలు క్రీము సరిపోతుంది కానీ, ఈ ఎండల్లో మూడు పాళ్లకు ఒక పాలు చేస్తే గట్టిగా నిలుస్తుంది. వైట్ చాక్లెట్ మరింత మెత్తన కాబట్టి దానికి మూడు పాళ్లకు తగ్గకూడదు. బటర్‌క్రీమ్ వైపు వెళ్లవద్దని నా సలహా. వెన్న ముప్పై డిగ్రీలు దాటేసరికి నిలవలేదు, విజయవాడ మధ్యాహ్నం నలభై దగ్గర ఉంటుంది. మామిడి రుచి తప్పనిసరి అనుకుంటే, మామిడి గుజ్జును పంచదారతో తడి ఇగిరిపోయేదాకా దగ్గరగా ఉడికించి జామ్‌లా చేసి పలుచగా రాయవచ్చు. ముక్కలంత తాజాగా ఉండదు, కానీ తడి ఊరదు.

ఈ దారిలో అన్నిటికన్నా ముందు మొదలుపెట్టగలిగినవి బొమ్మలు. ఫాండెంట్‌ను గట్టిపరిచే సీఎంసీ పొడి కొంచెం అందులో కలిపి వారం పది రోజుల ముందే చేసి, ఏసీ గదిలో గాలికి ఆరనిచ్చి, గట్టిపడ్డాక అట్టపెట్టెలో పెట్టుకోండి. మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో పెడితే ఆరడానికి మిగిలిన తడి లోపలే ఉండిపోతుంది. వాటిని ఫ్రిజ్‌లో ఎప్పుడూ పెట్టకూడదు. గులాబీ, ఊదా రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి కనుక కిటికీ దగ్గర ఉంచవద్దు. స్పాంజిని రెండు రోజుల ముందు చేసి, పూర్తిగా చల్లారాక క్లింగ్ ఫిల్మ్‌తో రెండు పొరలు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టవచ్చు, చుట్టకపోతే ఫ్రిజ్‌లోని గాలికి ఎండిపోతుంది. గనాష్ పూసి గట్టిపడనివ్వడం వేడుకకు ముందురోజు ఉదయం, ఫాండెంట్ పరచడం ఆ సాయంత్రం. గనాష్ పూసిన కేకును గట్టిపడడానికి ఫ్రిజ్‌లో పెట్టినా ఫరవాలేదు కానీ, ఫాండెంట్ పరచడానికి ముందు గది చల్లదనానికి రానిచ్చి, పైన పట్టిన తడి ఆరేదాకా ఆగాలి. ఒకసారి ఫాండెంట్ వేశాక మళ్లీ ఫ్రిజ్ మాట ఎత్తవద్దు.

ఆ రాత్రి కేకు ఉండవలసినది మీ ఏసీ పడకగదిలో. ఏసీని 22 డిగ్రీల దగ్గర ఉంచండి. ఏసీ గాలిని చల్లబరచడమే కాక అందులోని తేమను కూడా లాగేస్తుంది కాబట్టి ఫాండెంట్‌కు అంతకన్నా మంచి చోటు ఇంట్లో లేదు. హాలులోని నీళ్ల కూలర్ చల్లగా తగులుతుంది కదా అని కేకును దాని ముందు పెట్టే పొరపాటు చాలామంది చేస్తారు. ఆ కూలర్ గాలిలోకి నీటిని వదిలే యంత్రం. దాని ముందు ఫాండెంట్ కేకు పెట్టడం, ఆగస్టు నాటి వాతావరణాన్ని మీరే ఇంట్లో తయారుచేసుకోవడం.

మే నెలలో ఉన్న ఒక్క ఏసీ గదిలో ఇంటిల్లిపాదీ పడుకుంటారని నాకు తెలుసు, పడుకోవచ్చు కూడా. కానీ ఆ రాత్రి ఆ గదిలో దోమల మందు యంత్రం, కాయిల్, అగరుబత్తి ఏదీ వెలిగించకూడదు. చాక్లెట్, వెన్న వంటి కొవ్వు పదార్థాలు వాసనలను పట్టేస్తాయి. బీరువాలో కలరా ఉండలు ఉంటే బీరువా తలుపు మూసి, కేకును దానికి దూరంగా పెట్టండి. కేకు అట్టపెట్టెలోనే ఉండాలి, పెట్టె కిటికీ దగ్గరా ఏసీ గాలి సూటిగా కొట్టే చోటా ఉండకూడదు. చీమలకు మనవాళ్లు పాటించే పాత పద్ధతే ఇప్పటికీ మంచిది. బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. చీమల మందు సుద్దగీతలు తినే పదార్థం ఉన్న బల్ల మీద గీయవద్దు. రాత్రి కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంచండి. మూసిన గదిలో చల్లదనం కొంతసేపు నిలుస్తుంది, పెట్టెలో ఉన్న కేకు ఇంకా నెమ్మదిగా వేడెక్కుతుంది. గంటలకు గంటలు పోతే మాత్రం ఏం చేయాలో ముందే అనుకోండి. ఇళ్లలో ఉండే మామూలు ఇన్వర్టర్ మీద ఏసీ నడవదు కాబట్టి, ఏసీ ఉండి జనరేటర్ సౌకర్యం ఉన్న అపార్టుమెంటులో బంధువులో స్నేహితులో ఉంటే ఈ వారమే వారిని అడిగి ఉంచుకోవడం మంచిది. ఈ దారిలో మీరు ఒప్పుకోవలసిన లోటు ఒకటుంది. ఇలా చేసిన కేకు తినడానికి కొంచెం బరువుగా, తియ్యగా ఉంటుంది. క్రీము కేకు ఇష్టపడే పెద్దలకు నచ్చకపోవచ్చు.

తినడానికి మెత్తగా, పళ్లతో ఉండడమే ముఖ్యమని వదినగారు అంటే, ఫాండెంట్ మానేసి, క్రీము మీద క్రీముతోనే అలంకరించిన ఒకే అంతస్తు కేకు చేయండి. జంతువుల బొమ్మలను ఆరబెట్టి విడిగా తీసుకువెళ్లి కోసే ముందు పెట్టండి. వాటి కింద చిన్న చాక్లెట్ పలకలు పెడితే క్రీము తడి వెంటనే తగలదు. ఈ కేకు చివరి నిమిషం దాకా ఫ్రిజ్‌లోనే ఉండాలి. మీ ఇంట్లో ఒక అర పూర్తిగా ఖాళీ కావాలి, ఏలూరులో కూడా ఒక ఫ్రిజ్‌లో అంతే చోటు కావాలి. కరెంటు పోయినా తలుపు తీయకపోతే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లదనాన్ని నిలుపుతుంది, కానీ ఇంటినిండా జనం ఉన్న రోజున ఆ తలుపు మూసి ఉంచడం ఎవరి తరమో మీరే ఆలోచించాలి. విప్పింగ్ క్రీమ్, కోసిన పళ్లు ఉన్న కేకును బయట రెండు గంటలకు మించి, ముప్పై రెండు డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించి ఉంచడం ఆరోగ్యరీత్యా సరికాదు. పసిపిల్లలు, వృద్ధులు తినే కేకు విషయంలో ఈ హద్దును సడలించవద్దు. కనుక మధ్యాహ్నం నుంచే టేబుల్ మీద కేకు ఉండాలన్న కోరిక ఈ దారిలో కుదరదు.

దోసెల పిండి, చేపల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అత్తగారిది మొండితనమని నేను అనుకోను. ఆ ఫ్రిజ్ మీద నడుస్తున్నది ఇంటిల్లిపాది భోజనం. క్రీము కేకు చేయాలంటే మాత్రం ఆ ఒక్కరోజు చేపలు ఉండకూడదు, పులిసిన పిండి, కోసిన ఉల్లిపాయలు మూత బిగించిన డబ్బాల్లో ఉండాలి. "మీ సామాను తీయండి" అని కాక, "శుక్రవారం రాత్రి నుంచి శనివారం పొద్దుటిదాకా ఈ ఒక్క అర కావాలి, చేపలు ఆదివారం తెచ్చుకుందాం" అని రోజు, అర చెప్పి అడిగితే ఆమె ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఒప్పుకోకపోతే ఈ రెండో దారి మీకు లేనట్టే. అది కూడా ముందే తెలియడం మేలు.

మూడో దారి మీ భర్త మాటలో సగం, అత్తగారి మాటలో సగం కలిపినది. మీ పరిస్థితికి ఇదే ఎక్కువ సరిపోతుందని నాకు అనిపిస్తోంది. వందమందికి మామూలు రెండు అంతస్తుల కేకు చాలడం కష్టం. చిన్న ముక్కలుగా కోసినా కిలో కేకు ఇరవైమందికి మించి రాదు, అంటే అయిదు కిలోలు కావాలి. అంత కేకును ఒక్కరే చేసి, ఎండలో కాపాడి, అరవై కిలోమీటర్లు మోయవలసిన అవసరం ఏముంది? కింది అంతస్తును థర్మోకోల్ దిమ్మ మీద ఫాండెంట్ పరిచి చేయండి. అది చెడిపోదు, కుంగదు, నాలుగు రోజుల ముందే సిద్ధం చేసుకోవచ్చు. పై అంతస్తు మాత్రం గనాష్‌తో చేసిన కిలో, కిలోన్నర అసలు కేకు. పాప చేత కోయించేది అదే. అతిథులకు పంచడానికి కావలసిన క్రీము కేకులను, మామిడి ముక్కలతోనే, ఏలూరులో బేకరీకి చెప్పి సాయంత్రం ఆరున్నరకు నేరుగా హాలుకు తెప్పించండి. ఆ కేకులు అప్పటిదాకా బేకరీవారి ఫ్రిజ్‌లోనే ఉంటాయి కాబట్టి వాటి భారం మీది కాదు. దీనిలోనూ ఒక ఇబ్బంది ఉంది. కింది అంతస్తు తినేది కాదని తెలిశాక "అంతా డొల్లా" అని ఎవరో ఒకరు అనకమానరు. ఆ మాటను వదినగారు మీ వైపు నిలబడి పడగలరా లేదా అన్నది ముందే ఆమెను అడగండి.

తీసుకువెళ్లే పని ఉదయం తొమ్మిదిలోపు ముగిసేలా చూసుకోండి. విజయవాడ నుంచి ఏలూరుకు జాతీయ రహదారి మీద గంటన్నర చాలు, కానీ మధ్యాహ్నం బయలుదేరితే ఎండలో నిలిపి ఉంచిన కారు చల్లబడడానికే చాలాసేపు పడుతుంది. మనుషులు ఎక్కే ముందే ఏసీ వేసి కారును చల్లబరచండి. కేకును ఒళ్లో పెట్టుకోవద్దు, సీటు మీదా పెట్టవద్దు. రెండూ వాలుగా ఉంటాయి, ఒంటి వేడి కూడా తగులుతుంది. ముందు సీటు వెనక్కి జరిపి, దాని ముందున్న నేల సమతలంగా ఉంటే అక్కడ జారని రబ్బరు చాప పరిచి పెట్టె పెట్టండి. డిక్కీ విడిగా ఉండే కార్లలో అక్కడికి ఏసీ గాలి చేరదు కాబట్టి డిక్కీ వద్దు. రెండు అంతస్తులనూ విడివిడి పెట్టెల్లో తీసుకువెళ్లి హాలులోనే ఒకదాని మీద ఒకటి నిలబెట్టండి, బొమ్మలు మూడో పెట్టెలో ఉండాలి. క్రీము కేకైతే పెట్టెను థర్మోకోల్ డబ్బాలో పెట్టి, చుట్టూ గడ్డకట్టిన ఐస్ ప్యాకులు బట్టలో చుట్టి అమర్చాలి. ఆ డబ్బా కొత్తదే కొనండి, చేపల బజారులో వాడినది ఎంత కడిగినా వాసన వదలదు.

ఏలూరు చేరాక నేరుగా హాలుకు వెళ్లవద్దు. ఫంక్షన్ హాళ్లలో ఏసీలు అతిథులు వచ్చే వేళకే వేస్తారు, మధ్యాహ్నమంతా లోపల ఉక్కగానే ఉంటుంది. ఫాండెంట్ కేకు వదినగారి ఇంట్లో ఏసీ గదిలో ఉండి, హాలులో ఏసీ వేసిన అరగంట తరువాత రావాలి. టేబుల్ అలంకరించేవారికి కేకు కొలతలు, అట్ట మీద గీసిన వృత్తం ఇస్తే వారి పని ఆగదు. ఫొటోలవారికి కోయడానికి ముందు పావుగంట చాలు. వీడియో తీసేవారి ఫోకస్ లైట్లు కేకు మీద సూటిగా, దగ్గరగా పడకుండా చూడమని ఒక మనిషికి ప్రత్యేకంగా అప్పజెప్పండి. గదిలో ఎంత చల్లగా ఉన్నా ఆ లైట్ల వేడికి చాక్లెట్ మెత్తబడుతుంది. స్పీకర్లున్న వేదిక మీద టేబుల్ వేస్తే బొమ్మలు అదురుకు కదులుతాయి, కనుక వాటి లోపల పంటిపుల్ల బదులు కాస్త పొడుగైన చెక్కపుల్ల వాడి, కోసే ముందు ఆ పుల్లలను లెక్కపెట్టి తీసేయండి.

ఇంత చేసినా ఎక్కడో ఒకచోట చెమట పట్టవచ్చు. అప్పుడు తాకవద్దు, గుడ్డతో, టిష్యూతో అద్దవద్దు. వేలిముద్రలు, రంగు మరకలు పడేది అప్పుడే. ఏసీ గదిలో ఫ్యాను గాలి తగిలేలా ఉంచితే ఆ తడి దానంతట అదే ఆరుతుంది. కొంచెం మెరుపు మిగులుతుంది, ఫొటోలో అది లోపంగా కనిపించదు.

ఒప్పుకోవాలా వద్దా అన్న మీ చివరి ప్రశ్నకు నేను ఒక జవాబు ఇవ్వలేను. పై మూడు దారుల్లో మీ మనసు దేనికీ నిలవకపోతే, బొమ్మలు మాత్రం నేను చేసి తెస్తాను, కేకు బేకరీలో చెప్పండి అనడం కూడా గౌరవమైన మాటే. పాపకు మీ చేతి కానుక అందుతుంది, ఎండతో పోరాటం బేకరీ వారిది అవుతుంది. ఏది ఎంచుకున్నా వదినగారితో మాట్లాడడం మాత్రం వాయిదా వేయవద్దు. మే నెలలో పెళ్లిళ్ల తాకిడికి బేకరీలు వేడుకకు వారం ముందు చెబితే పెద్ద ఆర్డర్లు తీసుకోకపోవచ్చు. ఆమెకు ఫోన్ చేసేటప్పుడు కిందటి ఆగస్టు సంగతితో మొదలుపెట్టకండి. "మీ హాలులో ఏసీ ఎన్నింటికి వేస్తారు, మీ ఇంట్లో ఫ్రిజ్‌లో ఎంత చోటు ఉంటుంది" అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెట్టండి. వాటికి వచ్చే జవాబులను బట్టి ఏ కేకు సాధ్యమో మీ ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది.